సాక్ష్యం ఎక్కడ చెప్పాలి?

మా ఊరి సెంటర్లో టీ కొట్టాయన మన మనిషి కాదు. బీసీ. అందరు దేవుళ్ళకీ దణ్ణం పెడతాడు గానీ మన చర్చి గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. పోయినేడు వేసవిలో ఒక పొద్దున నాకు టీ గ్లాసు అందిస్తూ, మొహం చూడకుండానే ఒక మాటన్నాడు.

"ఆదివారం మీ మైకులో సాక్ష్యాలు ఊరంతా వినపడతయ్ గదా మాస్టారూ. తలనొప్పి పోయిందని ఒకామె, గేదె సుళువుగా ఈనిందని ఒకాయన. మరి పోలీస్ స్టేషన్లో మైకు లేదనా, ఒక్కళ్ళూ నోరు తెరవలా?"

నేను టీ సగంలో పెట్టేసి వచ్చాను. కోపంతో కాదు, సమాధానం లేక.

జరిగింది ఇదీ. మా మాదిగపల్లె కుర్రాడొకడు, ఇంటర్ తప్పి సెంట్రింగ్ పనికి పోతున్నవాడు, పంచాయతీ ఆఫీసు ముందున్న సిమెంటు బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఊళ్ళో ఒక ఆసామి కొడుకు వచ్చి లేవమన్నాడు. వీడు పక్కకు జరిగి చోటిచ్చాడు గానీ లేవలేదు. అంతే. కులం పేరుతో తిట్టి, చెప్పు తీసి కొట్టి, కింద పడేసి తన్నాడు. పట్టపగలు పదకొండు గంటలకు. చూసినవాళ్ళు తక్కువలో తక్కువ పదిమంది. అందులో ఏడుగురు మా సంఘం వాళ్ళే. వాళ్ళలో ఒకాయన సంఘపెద్ద. ఇంకొకణ్ణి నేను. జిరాక్సు షాపు మెట్ల మీద నిలబడి ఉన్నాను, చేతిలో మా బడి పిల్లల ఆధార్ కాగితాలతో.

సాయంత్రం అర్జీ రాసిందీ నేనే. అక్షరం అక్షరం నా చేతిరాత. "చూసినవారు" అన్న చోట నా పేరు మాత్రం రాయలేదు.

మర్నాడు స్టేషనుకు పిలిస్తే ఒకాయన ఆ వేళకు చేలో ఉన్నానన్నాడు. ఒకాయన అప్పుడే ఇంట్లోకి పోయానన్నాడు. సంఘపెద్ద గారు, గొడవ విన్నాను గానీ చూళ్ళేదన్నాడు. చూసింది చూసినట్టు చెప్పింది ఒకే ఒక్క మనిషి. పంచాయతీ ఆఫీసు ఊడ్చే పెద్దమ్మ. ఆమె ఏనాడూ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పి ఎరగదు. చదువు రాదు. పాటలప్పుడు కూడా వెనక చాప మీద కూర్చుని పెదవులు కదుపుతుంది, అంతే. ఆమె వెళ్ళింది, చెప్పింది, వేలిముద్ర వేసి వచ్చింది. ఆమె చేసేది పంచాయతీ పని, ఆ పంచాయతీ ఎవరి చేతిలో ఉందో చెప్పక్కర్లేదు.

"భయమెయ్యలేదా పెద్దమ్మా?" అనడిగాను.

"ఏసింది నాయనా. ఏస్తే?" అంది.

టీ కొట్టాయన ఈ సంగతి కూడా గమనించాడు. "మీ మతంలో ఆమె ఒక్కతే ఉన్నట్టుంది" అన్నాడు ఇంకోరోజు. ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను.

తెలుగులో ఒక చిత్రం ఉంది. దేవుడి మందిరంలో చెప్పేదాన్నీ సాక్ష్యమే అంటాం, కోర్టు బోనులో చెప్పేదాన్నీ సాక్ష్యమే అంటాం. ఒకే మాట. కానీ మనం ఆ మాటను రెండు ముక్కలు చేసుకున్నాం. ఒక ముక్క ఆదివారానికి, తెల్లబట్టల్లో, మనవాళ్ళ ముందు, ఖర్చు లేనిది. రెండో ముక్క సోమవారానికి, ఆసామి ముందు, ఎస్సై ముందు, కూలి పోగొట్టుకుని చెప్పాల్సింది. మొదటిది మనకు బాగా అలవాటైంది. రెండోది వచ్చేసరికి మనమంతా పేతురులం. కోడి కూసేలోపు ఆయన ఎన్నిసార్లు ఎరగనన్నాడో మన పల్లెలో నాలుగో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఆ కథలో నాకెప్పుడూ గుర్తుండేది ఇంకొకటి. చలిమంట దగ్గర పేతుర్ని పట్టిచ్చింది ఆయన యాస. నువ్వు మాట్లాడే తీరే చెబుతోంది నువ్వు వాళ్ళ మనిషివని అన్నారు పక్కనున్నవాళ్ళు. మన యాస కూడా అంతే గదా. దాచుకుంటే దాగేది కాదు. ఊరు మనల్ని ఎప్పుడో గుర్తుపట్టింది. మనం ఎరగమనడమే మిగిలింది.

మన తాతముత్తాతలు ఈ పని ఎలా చేశారో ఒకసారి గుర్తు చేసుకుందాం.

1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. ఆయన వెంట మాదిగపల్లెలు కదలడానికి కారణం దొర కాదు. యెర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే మన మనిషి, యోగం నేర్చినవాడు, మాట తెలిసినవాడు. ఆయన నడిచి నడిచి పల్లెపల్లెకూ కబురు చేర్చాడు. అప్పటికి ఒంగోల్లో దొర బడిలో పైకులాల పిల్లలు చేరుతున్నారు. మాదిగలు వస్తే మేం రామన్నారు వాళ్ళు. దొర మాదిగల్నే రమ్మన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

1876 నుంచి 1878 దాకా గొప్ప కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని దొర మనవాళ్ళకు కూలి పని ఇప్పించాడు. పేరయ్యలాంటి బోధకులు ఆ కాలువ గట్టునే మేస్త్రీలుగా ఉన్నారు. ఇక్కడొక సంగతి మన పిల్లలకు గట్టిగా చెప్పాలి. కరువు సాగినంతకాలం, ఏడాదికి పైగా, దొర ఒక్కరికి కూడా బాప్తీస్మం ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపేశాడు. కరువు సర్దుకుని, పంచే డబ్బులు అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. గోధుమ రవ్వ కోసం మతం మారారని ఈనాటికీ మనల్ని ఎగతాళి చేసేవాళ్ళకు ఈ తేదీ చాలు.

ఆ కొత్త క్రైస్తవులకు పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. చదవడానికి మామూలు మతనియమాల్లా కనపడతాయి. ఊరి వైపు నుంచి చూస్తే ఒక్కోటీ ఒక్కో తిరుగుబాటు. ఆదివారం పని చెయ్యనంటే కోతలప్పుడు ఆసామి చేను ఎవడు కోస్తాడు? చచ్చిన గొడ్డు ముట్టనంటే ఊళ్ళో కళేబరాలు ఎవడు లాగుతాడు? అమ్మవారికి మొక్కనంటే జాతరలో డప్పు ఎవడు కొడతాడు? మూడు నియమాలూ కలిసి వెట్టికి మూడు వైపులా గోడ కట్టాయి. అందుకే ఊరు గమనించింది. ఏసయ్య ఎవరో ఏమిటో ఊరికి అక్కర్లేదు. నిన్నటిదాకా పిలిస్తే వచ్చినవాడు ఇవాళ రానంటున్నాడు, ఇది గమనించింది. గమనించి ఊరుకోలేదు. నీళ్ళు ఆపారు, పని ఆపారు, కొట్టారు, దొంగ కేసులు పెట్టించారు.

మా జేజమ్మ చెప్పేది. వాళ్ళ తాతను ఎద్దు చచ్చింది రమ్మని పిలిస్తే, ఇవాళ ఆదివారం రాను, రేపు సోమవారం కూడా రాను అన్నాడంట. ఆ సోమవారం మాట చెప్పేటప్పుడు జేజమ్మ నవ్వేది. ఆమె దగ్గర బైబిలు లేదు. ఉన్నా చదవలేదు. మా ఇంట్లో విశ్వాసం అంటే ఆ సోమవారం రానన్న మాటే.

(మధ్యలో ఒక మాట. మన తాతలు డప్పు దించింది సంగీతం మీద కోపంతో కాదు, వెట్టి మీద కోపంతో. కారంచేడు తర్వాత మన ఉద్యమం డప్పును మళ్ళీ చేతికెత్తుకుంది. రెండూ సరైనవే. ఇవాళ డప్పు పాపమని పిల్లలకు చెప్పే పాస్టర్లు ఈ తేడా తెలుసుకోవాలి.)

ఇక కారంచేడు. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. అయినా ఒక సంగతి మనం పైపైన దాటిపోతున్నాం. 1985 జూలై 16న మనవాళ్ళు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే వద్దన్నాడని మన కుర్రాణ్ణి కొట్టబోయారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపోయి బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఊరు ఊరంతా వచ్చి మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపింది. ఆ ఆరుగురి పేర్లు చూడండి. వాళ్ళలో మోషే ఉన్నాడు, అబ్రహాము ఉన్నాడు. బిందె ఎత్తినామె పేరు సువార్త. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల పారిపోయి తలదాచుకున్నది చర్చి ఆవరణలో. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం లోంచి.

మన పాస్టరు గారు పులిపీఠం మీద "సువార్త ప్రకటించాలి" అన్నప్పుడల్లా నాకు బిందె ఎత్తిన ఆ మనిషే కళ్ళముందు నిలబడుతుంది. చెయ్యి పైకెత్తడం మనం ఇప్పుడు కూడా చేస్తూనే ఉన్నాం, ఆరాధనలో.

అదే కారంచేడులో దుడ్డు అలీసమ్మ ఉంది. కేసులో ముఖ్యమైన సాక్షి. ఆమెను కూడా చంపేశారు. సాక్ష్యం అన్న మాటకు ఇంతకన్నా బరువైన అర్థం నాకు తెలీదు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. 23 ఏళ్ళు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికి గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. అక్కడ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, మన ఆడవాళ్ళూ మగవాళ్ళూ బోను ఎక్కి చూసింది చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. వాళ్ళు చెప్పిన సాక్ష్యం దానితో అబద్ధం అయిపోయిందా? ఆ ఊళ్ళకు వెళ్ళి అడిగితే వాళ్ళు మళ్ళీ అదే చెబుతారు.

ఇవాళ మనలో ఊరికి కనపడుతున్నదేమిటి? ఫ్లెక్సీలు. స్వస్థత కూటాల పోస్టర్లు. పేరు ముందు డాక్టర్ తగిలించుకున్న దైవజనులు. పొద్దున అయిదింటికే పెద్ద సౌండ్ బాక్సులు. నేను వీటన్నిటినీ తిట్టడానికి రాయడంలేదు. వందేళ్ళు నోరు మూయించిన జాతికి మైకు మీద ఆశ ఉంటుంది. నాకు అది అర్థమవుతుంది. అదీగాక ఇప్పుడు మైకు పెట్టడం కూడా కొన్నిచోట్ల ధైర్యమే అయింది. ఒడిశా కంధమాల్‌లో 2007లోనూ 2008లోనూ చర్చిలు తగలబెట్టి మనలాంటివాళ్ళను అడవులు పట్టించారు. చాలా రాష్ట్రాల్లో మతమార్పిడి చట్టాలు వచ్చాయి. కాబట్టి సిలువ కనపడడం తేలికైన విషయమని నేను అనడం లేదు. కానీ సిలువ కనపడితే చాలదు. మెడలో గొలుసుకు వేలాడే సిలువను చూసి ఏ ఆసామీ నిద్ర పోగొట్టుకోలేదు.

ఊరికి కనపడేది ఇంకొకటి ఉంది. మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. మా దగ్గర మాదిగలు ఎక్కువగా బాప్టిస్టులు, మాలలు ఎక్కువగా లూథరన్లు. మిషన్లు ఏ వాడకు ముందు వచ్చాయన్నదాన్ని బట్టి అలా పడింది. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మిషన్లు పోయి ఎన్నేళ్ళయింది? క్రిస్మస్‌కు ఒకరికొకరం కేకు పంపుకుంటాం. ఒకే రొట్టె, ఒకే పాత్ర మీద కూర్చోవడం మాత్రం జరగదు. పిల్లనిచ్చుకోవడం మాట ఎత్తితే తలుపులు మూసుకుంటాయి. వర్గీకరణ న్యాయమైన కోరిక, నేను దాని పక్షమే, ఆ లెక్క ప్రభుత్వంతో తేల్చుకోవాలి. ప్రభువు బల్ల దగ్గర వర్గీకరణ ఎందుకు? ఇక రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు ఉన్నచోట కుర్చీలూ సమాధులూ కూడా వేరు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ పీఠం ఎక్కిన మొదటి మనిషి. రోములో అది జరిగినందుకు సంతోషం. మన ఊరి శ్మశానంలో ఎప్పుడు జరుగుతుందో.

బాబాసాహెబ్ మనల్ని ఈ ప్రశ్న ఎప్పుడో అడిగాడు. మతం మారినవాడి స్థితి గురించి ఆయన రాసిన వ్యాసం ఉంది. మిషనరీలు బడులు పెట్టారు, ఆస్పత్రులు పెట్టారు, అది ఒప్పుకుంటూనే, ఈ దేశంలో క్రైస్తవులు సాంఘిక అన్యాయం మీద ఎప్పుడైనా పోరాడారా అని నిలదీశాడు. ఆయన 1956లో బౌద్ధం వైపు వెళ్ళాడు, మనవైపు రాలేదు. మనం ఆ వ్యాసాన్ని మన చర్చిల్లో చదవం. అంబేద్కర్ జయంతికి ఫొటోకు దండ వేసి ప్రార్థన చేసి ముగిస్తాం. పెద్ద కోపం రావాల్సిన వ్యాసమది, మన మీద మనకు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరకు వస్తున్నాను.

మా బడిలో జూన్ నెలలో అడ్మిషన్లు రాసేది నేనే. పేరు గడిలో కరుణ అనో, మరియ అనో, యేసురత్నం అనో రాస్తాను. పక్క గడిలో మతం: హిందూ. కులం: మాదిగ. ఒకసారి ఒక తల్లి నా కలం వైపే చూస్తూ, "ఆదివారం పూట మమ్మల్ని చూడనట్టు ఉండండి సారూ" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. నా సొంత సర్టిఫికెట్‌లో కూడా అదే రెండు మాటలున్నాయి. వాటిమీదే చదివాను, మా ఇంట్లో మొదటి డిగ్రీ అది, వాటిమీదే ఉద్యోగం. దాచి లాభం లేదు.

ఈ అబద్ధం మనం పుట్టించింది కాదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు, అందులో మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కుల్ని కలిపారు. 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుడూ ముస్లిమూ బయటే మిగిలారు. మన రాష్ట్రంలో 1977లో 341 నంబరు జీవో తెచ్చి, రాజ్యాంగం ఇవ్వాల్సినవి కాక రాష్ట్రం తన చేతిమీద ఇచ్చే విద్యా, ఆర్థిక రాయితీలు క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకు కూడా వర్తింపజేశారు. రిజర్వేషన్‌కు వచ్చేసరికి బీసీ-సీ, 1 శాతం. 2023 మార్చిలో ఆంధ్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది.

ఆ తర్వాత కోర్టుల గాలి ఎటు వీచిందో చూడండి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి యువతి కేసులో, బాప్తీస్మం తీసుకుని క్రమంగా చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం హిందువునంటే కుదరదంది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు ఇంకా ముందుకు వెళ్ళింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసు కొట్టేసింది. ఆయన చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. అయినా క్రైస్తవుడుగా బతుకుతున్నాడు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం ఆయనకు వర్తించదంది. క్రైస్తవంలో కులం లేదు గదా అన్నది ఆ తర్కం. కొట్టినవాడు మాత్రం ఏ కులమో చూసే కొట్టాడు! మనం ఏసయ్యను నమ్మిన మర్నాడు ఊరు మన కులాన్ని మర్చిపోతే, ఆ తీర్పుతో నాకు పేచీ లేదు.

దీని అర్థం మన కుర్రాడి కేసుకు ఏమిటో ఆలోచించండి. రేపు బోనులో అవతలి వకీలు పెద్దమ్మను అడిగే మొదటి ప్రశ్న "ఏం చూశావు" అని ఉండదు. "నువ్వు ఏ చర్చికి పోతావు? ఆ అబ్బాయి ఏ చర్చికి పోతాడు? బాప్తీస్మం ఎప్పుడైంది?" ఇవీ ప్రశ్నలు. నిజం చెబితే చట్టం చేతిలోంచి జారిపోవచ్చు. అబద్ధం చెబితే ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం ఎక్కడిది? మన విశ్వాసం పదిమందికీ కనపడాలంటాడు పాస్టరు. కనపడితే నువ్వు మావాడివి కావంటుంది చట్టం.

నేను దీనికి సులువైన జవాబు చెప్పను. పిల్లవాడి ఉద్యోగం, చదువు, అన్నీ ఆ రెండు మాటల మీద వేలాడుతున్న తల్లితో, వెళ్ళి నీ మతం రాయించుకో అని జీతం తీసుకుంటున్న నేను చెప్పడం నీతి కాదు. అలా చెప్పే పెద్దలున్నారు, వాళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారు. కానీ ఈ భయాన్ని చూపించి మనం నోరు మూసుకోవడం కూడా చూస్తున్నాను. "చట్టం మనకు లేదు గదా మాస్టారూ, ఇంక కేసెందుకు?" అని సంఘపెద్ద గారు నన్నే అడిగారు. తప్పు. కొట్టడం, తిట్టడం, గాయపరచడం మామూలు క్రిమినల్ చట్టంలోనూ నేరాలే. అవి మతం అడగవు. రెండోది, చర్చికి వెళ్ళినంత మాత్రాన కథ అయిపోయినట్టు కాదు. 2021లో మద్రాసు హైకోర్టు రామనాథపురం డాక్టరమ్మ కేసులో, ఆస్పత్రి గోడకు సిలువ వేలాడినంత మాత్రాన, భర్తతో చర్చికి వెళ్ళినంత మాత్రాన కులపత్రం రద్దు చెయ్యకూడదంది. ప్రతి కేసూ విడివిడిగా వాదించుకోవాల్సిందే. మూడోది, ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు నడిచినంతకాలం సాక్షులకు దారి ఖర్చులు, భోజనం ఖర్చు, ఆ రోజు కూలి ప్రభుత్వం ఇవ్వాలని 1995 నిబంధనల్లో ఉంది. అడిగినవాళ్ళు తక్కువ. మన కార్యకర్తలు ఈ ఒక్క పని నేర్చుకుని చేసినా ఎంతోమంది మాట మార్చకుండా నిలబడతారు.

మూడో పేరా పోవాలి. దానికోసం సంతకాలు, ఊరేగింపులు, కోర్టు కేసులు జరగాల్సినవి జరుగుతున్నాయి. అది ఢిల్లీలో తేలుతుంది. అప్పటిదాకా మన పల్లెలో తేలాల్సింది వేరే ఉంది. ఏడుగురం చూశాం. ఏడుగురమూ వెళ్ళి చెబితే ఏడుగురి కూలీ ఒక్కసారిగా ఆపడం ఏ ఆసామి తరమూ కాదు. మాలపల్లె వాళ్ళు కూడా ఇద్దరు చూశారు. వాళ్ళను మనం అడగను కూడా అడగలేదు. "వాళ్ళు మనకెందుకు వస్తారు" అనుకున్నాం. ఒక్క ముసలామెను వంటరిగా పంపి, ఆదివారం ఆమె కోసం ప్రార్థన చేశాం. మైకులో.

ఆ ప్రార్థన చేసిన రోజునే నేను లేచి సంఘంలో చెప్పాను, ఆ రోజు నేనూ చూశానని. సాక్ష్యాల సమయం కాబట్టి ఎవరూ ఆపలేదు. కాసేపు ఎవ్వరూ స్తోత్రం అనలేదు. పాట ఎత్తుకోవాల్సిన అమ్మాయి కూడా మర్చిపోయింది. బయటికొచ్చాక సంఘపెద్ద గారు నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడడం లేదు. ఆ ఏడుగురిలో ఇంకొకతను, సుతారి మేస్త్రి, రాత్రి ఇంటికొచ్చి కూర్చుని చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి, వెళ్ళబోతూ, "నన్నూ రమ్మంటావా అన్నా?" అన్నాడు.

పీపీ గారి దగ్గరకు ఇద్దరం వెళ్ళాం. ఆయన కాగితాలు తిరగేసి, "ఈ అర్జీ రాతెవరిది?" అన్నాడు. నాదేనన్నాను. "చూసినవాడివి అప్పుడెందుకు చెప్పలేదు? బోనులో మొదట అడిగేది ఇదే" అన్నాడు. భయపడి చెప్పలేదన్నాను. అదే అక్కడా చెబుతానన్నాను. ఆయన నవ్వి, పిటిషను వేసి చూస్తానన్నాడు. కోర్టు ఒప్పుకుంటుందో లేదో తెలీదు.

పెద్దమ్మకు సమన్లు వచ్చాయి. ఆమెకు ప్లీడరు అడగబోయే ప్రశ్నలన్నీ చెప్పి, చర్చి సంగతి అడిగితే ఏం చెబుతావన్నాను. "పోతానంటా. పోతున్నా గదా" అంది. దానివల్ల కేసుకు నష్టం రావచ్చని విడమరిచి చెప్పాను. విన్నది. ఆకు నములుతూ కాసేపు ఊరుకుని, "ఆణ్ణి కొట్టింది నిజవే గదా నాయనా, చర్చికి పోయినా నిజవే, పోకపోయినా నిజవే" అంది. తర్వాత ఆమెకు కావాల్సింది అడిగింది. కోర్టు దగ్గర ఆడవాళ్ళకు బాత్రూం ఉంటదా, అన్నం కట్టుకు రావాలా, సాయంత్రం బస్సు ఎన్నింటికి.

వాయిదా వచ్చే నెలలో. ఆటో మాట్లాడాను.